కాలినడక యాత్రల్లో శాకాహార సద్ది

వీపున సంచి తగిలించుకుని రెండు రోజులో పది రోజులో కొండల్లో, అడవుల్లో నడిచే మనిషి తన తిండి తానే మోసుకోవాలి. దారిలో కొట్టు ఉండదు, హోటలు ఉండదు, చాలాచోట్ల పొయ్యి రాజేయడానికి అనుమతి కూడా ఉండదు. అలాంటి నడకకు మాంసం, చేప, గుడ్డు లేకుండా, వీగన్లకైతే పాలు, నెయ్యి, తేనె కూడా లేకుండా, సరిపడా బలమిచ్చే తిండిని ఎంచి, ఎండబెట్టి, తూచి, మూటగట్టే పద్ధతులు ఈ వ్యాసంలో ఉన్నాయి.

శాకాహారంతో పెద్ద కొండలు ఎక్కలేరన్న అపోహ ఇంకా పూర్తిగా పోలేదు. నిజానికి రోజుల తరబడి నిల్వ ఉండి, తేలికగా ఉండి, వండకుండానో కాస్త వేడినీళ్లతోనో తినగలిగే పదార్థాల్లో అధికభాగం ఏ దేశంలోనైనా ధాన్యాలు, పప్పులు, గింజలు, ఎండు పళ్లే. పచ్చి మాంసంలో మూడొంతుల దాకా నీరే ఉంటుంది, అది ఒక్క పూటలో పాడవుతుంది. ముంబైకి చెందిన వీగన్ పర్వతారోహకుడు కుంతల్ జోయిషర్ 2016లో ఎవరెస్ట్ ఎక్కారు. అమెరికాలో వీగన్ పరుగువీరుడు స్కాట్ జూరెక్ 2015లో సుమారు 3,500 కిలోమీటర్ల అపలేచియన్ కాలిబాటను 46 రోజుల్లో ముగించి, అప్పటికి ఆ బాట మీద ఉన్న వేగపు రికార్డును దాటారు. జూరెక్‌కు దారి పొడవునా సహాయక బృందం తిండి అందించింది కాబట్టి ఆయన అనుభవం సంచి మోసేవారికి యథాతథంగా వర్తించదు. అయినా శరీరానికి కావలసిన శక్తి మొక్కల నుంచే దొరుకుతుందనడానికి అది చాలు.

ఎవరు ఏం తినరు

తెలుగు ఇళ్లలో శాకాహారం అంటే పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి, గుడ్డు ఉండదు. పాశ్చాత్య దేశాల్లో శాకాహారి అంటే గుడ్డు తినేవారు కూడా ఆ లెక్కలోకి వస్తారు. జంతువుల నుంచి వచ్చే ఏదీ ముట్టనివారు వీగన్లు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీ పెట్టినప్పటి నుంచి ఈ పేరు వాడుకలో ఉంది. జైనులలో చాలామంది దుంపలు కూడా తినరు, సూర్యాస్తమయం తరువాత భోంచేయరు. బృందంగా నడిచేవారు బయల్దేరక ముందే ఈ తేడాలు విప్పి మాట్లాడుకోవాలి. నెయ్యి పోసి కలిపిన ఒక్క కుండెడు పొంగలి వల్ల ఒకరు ఆ రాత్రి పస్తుండే పరిస్థితి రాకూడదు.

భారతదేశంలో ప్యాకెట్ మీద చదరపు గడిలో ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, కానీ అందులో పాలపొడి ఉండవచ్చు. వీగన్ ఆహారానికి ఆహార భద్రత సంస్థ 2022లో విడిగా నిబంధనలు తెచ్చింది, ప్రత్యేక ముద్ర కూడా ఇచ్చింది. విదేశాల్లో నడిచే తెలుగువారు మరింత జాగ్రత్తగా చదవాలి. ఇన్‌స్టంట్ నూడుల్స్ మసాలా పొట్లంలో కోడి రసం పొడి, థాయ్ కారం ముద్దలో ఎండు రొయ్య, జపాన్ సూప్‌లో చేప, మెత్తటి మిఠాయిల్లో జెలటిన్, కొన్ని చీజ్‌లలో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ సాధారణం. ఆలూ చిప్స్‌లో సైతం పాలవిరుగుడు పొడి తరచుగా కనిపిస్తుంది.

పాత దారులు, పాత మూటలు

వేయించి దంచిన ధాన్యం బాటసారి తిండిగా దాదాపు అన్ని ఖండాల్లోనూ ఉంది. టిబెట్‌లో వేయించిన బార్లీపిండి త్సంపా, బీహారులో వేయించిన శనగల సత్తు, కానరీ దీవుల్లో గోఫియో, మెక్సికోలో వేయించిన మొక్కజొన్నల పినోలే ఒకే ఆలోచన నుంచి పుట్టాయి. వేయించేటప్పుడే ధాన్యం ఉడికినట్టవుతుంది, నీరు పోతుంది, కనుక పొడిని నీళ్లలో కలుపుకుని తాగవచ్చు, ముద్దచేసి తినవచ్చు. మన పేలపిండి, తెలంగాణలో సద్దుల బతుకమ్మకు చేసే పల్లీ, నువ్వుల సత్తుపిండులు, బెల్లం కలిపి నలిపిన మలీద ఇదే కుటుంబానికి చెందినవి. ఆండీస్ పర్వతాల్లో కెచువా, ఐమారా ప్రజలు రాత్రి మంచులో గడ్డకట్టించి, పగటి ఎండలో కాళ్లతో తొక్కి నీరు తీసి చూన్యో అనే ఎండు బంగాళదుంపను తయారు చేశారు. ఇవాళ ఖరీదైన యంత్రాలతో చేసే శీతల నిర్జలీకరణకు ఇది పూర్వరూపం. జపాన్‌లో కోయా కొండ మీది బౌద్ధ మఠాల పేరుతో ప్రసిద్ధమైన కోయా టోఫు కూడా చలిలో గడ్డకట్టించి ఎండబెట్టినదే. గుజరాతీల ఖాఖ్రా, థేప్లా ఇప్పటికీ హిమాలయ ట్రెక్కుల్లో సంచుల్లోంచి బయటికి వస్తూనే ఉంటాయి.

తెలుగువారికి బాగా పరిచయమైన శాకాహార పాదయాత్ర శబరిమల. 41 రోజుల మండల దీక్షలో మాంసం ఉండదు. తలమీద మోసే ఇరుముడిలో ముందు ముడి స్వామికి, వెనుక ముడి యాత్రికుడి సొంత తిండికి అని సంప్రదాయం. ముందు ముడిలో నేతి కొబ్బరికాయ, వెనుక ముడిలో బియ్యం, అటుకులు, బెల్లం వంటివి ఉండేవి. ఎరుమేలి నుంచి పెద్ద పాదం అడవిదారిన నడిచినవారికి ఆ వెనుక ముడే వంటిల్లు. ఇప్పుడు దారంతా దుకాణాలు రావడంతో అది నామమాత్రం అయింది. తిండిని రెండుగా విడదీసి, ఒకటి ముట్టకూడనిదిగా, ఒకటి వాడుకునేదిగా కట్టుకునే పద్ధతి మాత్రం ఇవాళ్టి ట్రెక్కర్లు కూడా నేర్చుకోదగ్గది. ఎంత ఆకలేసినా చివరి రోజు దాకా విప్పని అత్యవసర పొట్లం ఒకటి ప్రతి సంచిలోనూ ఉండాలి.

మద్రాసు నుంచి కాశీకి 1830–31లో వెళ్లి వచ్చిన ఏనుగుల వీరాస్వామి తన యాత్రా చరిత్రలో ఏ మజిలీలో ఏ సామాను దొరుకుతుందో, ఎక్కడ దొరకదో ఓపికగా రాసుకున్నారు. తరువాత ఆ దారిన వెళ్లేవారికి పనికొచ్చే సమాచారం అది. దారి పటంతో పాటు సరుకుల పటం కూడా గీసుకోవాలన్న ఆయన పద్ధతి ఇప్పుడూ పనికొస్తుంది. నల్లమలలో వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కాలిబాటలో శివరాత్రికి, ఉగాదికి దాతలు అన్నదానం చేస్తారు. ఆ రోజులు పోయాక అదే దారి పులుల అడవి. అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, దారిలో గుక్కెడు మజ్జిగ పోసేవారు కూడా ఉండరు.

బరువు లెక్క

సంచితో రోజుకు ఆరేడు గంటలు కొండ ఎక్కి దిగే మనిషికి, ఒంటి బరువును, దారిని బట్టి, 3,000 నుంచి 4,000 కిలో కాలరీలు కావాలి. ఇంట్లో కూర్చునే రోజుకు ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు. ఈ శక్తిని 700 నుంచి 900 గ్రాముల ఎండు తిండిలో ఇమడ్చడమే అసలు పని. అంటే గ్రాముకు సగటున 4 కిలో కాలరీలకు తగ్గకుండా చూసుకోవాలి.

కొవ్వు గ్రాముకు 9, పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకు 4 చొప్పున శక్తినిస్తాయి. 100 గ్రాముల్లో నూనె 900, ఎండుకొబ్బరి 600 పైన, పల్లీలు, నువ్వులు 500 పైన, బెల్లం, బియ్యం, అటుకులు, పప్పులు 330 నుంచి 380 మధ్య ఉంటాయి. 100 గ్రాముల ఆపిల్ పండులో 60 కూడా ఉండవు. తాజా పండ్లు, కూరగాయలు మొదటి రోజుకే అనడానికి కారణం ఇది. రుచికి ఒక నిమ్మకాయో రెండు పచ్చిమిరపకాయలో పెట్టుకోవడం వేరు. మరమరాలు తూకంలో తేలికే గాని సంచినంతా ఆక్రమిస్తాయి, కాబట్టి అటుకులే మేలు.

ఒక రోజు సద్ది ఇలా ఉండవచ్చు. ఉదయం 100 గ్రాముల అటుకులు, 30 గ్రాముల వేయించిన పల్లీలు, 30 గ్రాముల బెల్లం. నడకలో తినడానికి 100 గ్రాముల పల్లీపట్టి, గుప్పెడు ఖర్జూరాలు. మధ్యాహ్నం 120 గ్రాముల ఎండు జొన్నరొట్టెలు, 30 గ్రాముల నువ్వుల పొడి, రెండు చెంచాల నువ్వులనూనె. సాయంత్రం నీళ్లలో కలుపుకునే పిండి 86 గ్రాములు. రాత్రి 130 గ్రాముల బియ్యం, 60 గ్రాముల పెసరపప్పు, గుప్పెడు ఒరుగులు (ఎండబెట్టిన కూరగాయ ముక్కలు), మూడు చెంచాల నూనె. మొత్తం 800 గ్రాముల లోపే, 3,000 కిలో కాలరీల పైచిలుకు, దాదాపు 80 గ్రాముల మాంసకృత్తులు. ఇందులో ఒక్క వస్తువు కూడా పెద్ద ఊళ్ల ట్రెక్కింగ్ దుకాణాల్లో వెతకనక్కర్లేదు, పైగా మొత్తం వీగన్.

సాయంత్రపు పిండికి 86 గ్రాములన్న వింత అంకె ఎక్కడిదో చెప్పాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్న పిల్లల కోసం ఒక మిశ్రమాన్ని రూపొందించింది. హైదరాబాద్ మిక్స్ అని వైద్య పాఠ్యపుస్తకాల్లో కనిపించేది అదే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20 గ్రాములు కలిపి పొడి చేస్తే 330 కిలో కాలరీలు, 11.3 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. బక్కచిక్కిన పసివాడి చిన్న పొట్టలో ఎక్కువ బలం పట్టించాలన్న అవసరం, అలసిన నడకరికి తక్కువ బరువులో ఎక్కువ బలం కావాలన్న అవసరం ఒకటే. చవకలో ఇంతకంటే మంచి ట్రెక్కింగ్ పిండి అమ్మకానికి దొరకడం కష్టం. గోధుమ పడనివారు రాగులు వేయించి వాడుకోవచ్చు. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలు మానేసిన వీగన్లకు అది అదనపు లాభం.

ఎత్తు, నీళ్లు, ఇంధనం

సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు నీరు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. 3,000 మీటర్ల దగ్గర అది 90 డిగ్రీలు, 4,000 మీటర్ల దగ్గర 87 లోపు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యంత ఎత్తైన జిందగడ శిఖరం 1,700 మీటర్లను కూడా తాకదు కాబట్టి తూర్పు కనుమల్లో ఈ సమస్య పెద్దగా తెలియదు. అదే నమ్మకంతో హిమాలయాలకు కందిపప్పు, రాజ్మా మోసుకెళ్లినవారు గంటసేపు గ్యాసు తగలేసినా పప్పు రాళ్లలాగే ఉంటుంది. శాకాహారి ట్రెక్కర్‌కు ఎదురయ్యే అతి పెద్ద సాంకేతిక సమస్య ఇదేనని చెప్పాలి. మాంసాహారి డబ్బాలోని చేపను విప్పి తింటాడు. శాకాహారి బలమంతా పప్పుల్లో ఉంది, పప్పు ఉడకాలి.

దీనికి నాలుగు దారులున్నాయి. నలుగురైదుగురు ఉన్న బృందం చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకోవడం మొదటిది. కిలోకు పైగా బరువైనా, గ్యాసు ఆదాతో ఆ బరువు తీరిపోతుంది. హిమాలయ ట్రెక్కుల వంటగుడారాల్లో కుక్కర్ లేనిది ఉండదు. పొట్టు తీసిన పెసరపప్పు, ఎర్ర మసూర్ పప్పు వంటి త్వరగా ఉడికేవి ముందే నానబెట్టి వాడటం రెండోది. పప్పును ఇంట్లోనే వేయించి సన్నగా రవ్వ పట్టించుకోవడం మూడోది, అది కొద్ది నిమిషాల్లో జావలా ఉడుకుతుంది. ఇంట్లో వండిన పప్పును ఎండబెట్టి పొడిచేసి తీసుకెళ్లడం నాలుగోది. ఒంటరిగానో ఇద్దరుగానో నడిచేవారికి నాలుగోదే ఉత్తమం.

గాలి లేని చోట, మూత పెట్టి, లీటరు నీళ్లు మరిగించడానికి చిన్న గ్యాసు పొయ్యి మీద సుమారు 10 నుంచి 15 గ్రాముల గ్యాసు పడుతుంది. గాలి, చలి ఉంటే రెట్టింపు కావచ్చు. గ్యాసు డబ్బాలను విమానంలో చేతి సంచిలోనూ, లగేజీలోనూ కూడా అనుమతించరు, దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి. అది దొరకని చోట, లేదా మంట నిషేధించిన అడవిలో, వంట లేని సద్ది కావాలి. అమెరికాలో దూర నడకరులు కొందరు పొయ్యి మానేసి సీసాలో చల్లనీళ్లు పోసి నూడుల్స్, ఎండు చిక్కుళ్లు నానబెట్టుకుంటారు. తెలుగువారికి ఆ పని అటుకులు ఎప్పుడో సులువు చేశాయి. వడ్లను నానబెట్టి వేయించి దంచేటప్పుడే గింజ ఉడికిపోతుంది కాబట్టి అటుకులు చల్లనీళ్లలో పది నిమిషాల్లో మెత్తబడతాయి. చింతపండు పొడి, ఉప్పు, పసుపు, వేయించిన పోపు ముందే కలిపి కట్టుకుంటే పొయ్యి లేకుండానే అటుకుల పులిహోర సిద్ధం.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకలి మందగిస్తుంది, పొట్టలోని గాలి వ్యాకోచిస్తుంది. శనగలు, రాజ్మా అలవాటు లేనివారికి 3,500 మీటర్ల పైన ఉబ్బరం నిద్ర పట్టనివ్వదు. అక్కడ అన్నం, జావ, సేమ్యా, బెల్లం పానకం వంటి పిండిపదార్థాలే సులువుగా దిగుతాయి. శొంఠి, మిరియాలు, వాము సంచిలో అయిదు గ్రాములు కూడా తూగవు, కానీ వేడి చారులో పడితే తిండి సహించని సాయంత్రం కూడా నాలుగు ముద్దలు తినిపిస్తాయి. అమర్‌నాథ్ యాత్ర మార్గంలోని లంగర్లలో (ఉచిత భోజనశాలల్లో) యాత్రికుల ఆరోగ్యం కోసం పూరీ, జిలేబీ, చిప్స్ వంటి నూనె సరుకులను దేవస్థానం బోర్డు నిషేధించింది.

పొడులు, ఒరుగులు, రొట్టెలు

తెలుగు వంటింటి అటక మీద ఎండాకాలంలో చేరే సరుకు చూస్తే, అది నడక యాత్రకే కూర్చిన సామానా అనిపిస్తుంది. కందిపొడి, నువ్వుల పొడి, పుట్నాల పొడి, కొబ్బరి పొడి, కరివేపాకు పొడి, నల్లకారం, కాకర పొడి: వీటిలో ఏదీ వండనక్కర్లేదు, నెలల తరబడి నిల్వ ఉంటుంది. ఉడికించని పప్పు తినలేం, వేయించి పొడిచేసిన పప్పు మాత్రం నేరుగా తినగలం. కందిపొడి కలిపిన అన్నం పోషణలో పప్పన్నానికి దగ్గరగా వస్తుంది. వేడి అన్నంలో 30 గ్రాముల పొడి, రెండు చెంచాల నూనె పోసుకుంటే వంట అంతా ఒక్క గిన్నెలో, ఒక్కసారి మరిగించిన నీళ్లతో ముగుస్తుంది. వీగన్లు నెయ్యి బదులు నువ్వులనూనె వాడితే చాలు, రుచికి లోటు రాదు.

ఒరుగులకు ట్రెక్కింగ్ పుస్తకాల్లో రావలసిన గౌరవం ఇంకా రాలేదు. గోరుచిక్కుడు, వంకాయ, కాకర, దోస, మామిడి ముక్కలను ఉప్పు రాసి మే నెల ఎండలో కరకరలాడేదాకా ఎండబెడితే బరువు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. 15 గ్రాముల ఒరుగులు నానితే ఇద్దరికి కూర. మామిడి ఒరుగు పప్పులో పడితే చింతపండు అక్కర్లేదు. ఎండబెట్టిన చింతచిగురు, గోంగూర కూడా అంతే. ఊరమిరపకాయల్లో మజ్జిగ ఉంటుంది కాబట్టి వీగన్లు వాటిని పక్కన పెట్టాలి. మినప, గుమ్మడి వడియాలను ఇంట్లోనే వేయించుకుని తీసుకెళితే అవి సంచిలో నలిగి పొడవుతాయి. వేయించకుండా పులుసులో ఉడికించడమే నడకలో సరైన పద్ధతి.

సొంతంగా ఎండబెట్టుకునేవారికి ఒక జాగ్రత్త. పచ్చి కూరగాయ ముక్కలను ఎండలో ఎండబెట్టవచ్చు. వండిన అన్నం, పప్పు మాత్రం ఎండలో నెమ్మదిగా ఆరేలోపు సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటికి 55 నుంచి 60 డిగ్రీల వేడిగాలి పంపే డ్రయ్యర్ గాని, తక్కువ వేడి మీద పెట్టిన ఒవెన్ గాని కావాలి. పప్పు గట్టిగా, నూనె లేకుండా, పోపు లేకుండా వండి పలచగా పరవాలి. నూనె ఉంటే త్వరగా ఆరదు, ఆరినా కొన్ని వారాల్లో మక్కిన వాసన పట్టేస్తుంది. పెళుసుగా విరిగేదాకా ఆరనిచ్చి పొడిచేసి గాలి చొరని కవర్లో కట్టుకోవాలి. గమ్యంలో మరిగే నీళ్లు పోసి పావుగంట మూత పెడితే పప్పు మళ్లీ పప్పవుతుంది. పోపు సామాను విడిగా వేయించి చిన్న పొట్లం కట్టుకుంటే ఆ వాసన అలసటనంతా మరిపిస్తుంది.

రాయలసీమ, తెలంగాణ సరిహద్దుల్లో, ఉత్తర కర్ణాటకలో పలచగా చేసి గట్టిగా ఎండనిచ్చే జొన్న, సజ్జ రొట్టెలు వారాల తరబడి నిలుస్తాయి. విరుగుతాయన్న దిగులు వద్దు, విరిగిన ముక్కలే చారులో త్వరగా నానతాయి. తీపిలో నువ్వులుండలు, పల్లీపట్టి వీగన్లకూ పనికొస్తాయి. సున్నుండలు బలమైనవే గాని నేతితో కట్టినవి. అరిసెలు కొన్ని ఇళ్లలో నూనెలో, కొన్ని ఇళ్లలో నేతిలో వేగుతాయి, అడిగి తెలుసుకోవాలి. సకినాలు, చెక్కలు, జంతికలు శక్తిలో ఏమీ తక్కువ కావు, కానీ దాహం పెంచుతాయి. నీరు దొరకని గుట్టల మీద వాటిని సాయంత్రానికి అట్టిపెట్టుకోవాలి.

దుకాణాల్లో దొరికే తయారు భోజనం ప్యాకెట్ల వెనుక మైసూరు పరిశోధన ఉంది. అక్కడ 1961లో మొదలైన రక్షణ ఆహార పరిశోధనశాల సైనికుల కోసం ఉప్మా, పులావు, కూరలు గాలి చొరని పొరల సంచుల్లో, అధిక వేడితో శుద్ధిచేసి, శీతలీకరణ లేకుండా నెలల పాటు నిలిచేలా రూపొందిస్తూ వచ్చింది. ఇప్పుడు మార్కెట్‌లో ఉన్న 300 గ్రాముల పప్పు, పాలక్, రాజ్మా ప్యాకెట్లు ఆ తరహావే. వాటిలో నీరు అలాగే ఉంటుంది కాబట్టి రెండు రోజులకు మించిన నడకకు ఇవి బరువు చేటు. వేడినీళ్లు పోసే ఎండు ఉప్మా, అటుకుల కప్పులు తేలిక, ఖరీదు మాత్రం ఎక్కువ. ఇంట్లో వేయించిన రవ్వలో పోపు, జీడిపప్పు, ఎండు కరివేపాకు కలిపి కట్టుకుంటే అదే వస్తువు నాలుగో వంతు ఖర్చుతో వస్తుంది.

మాంసకృత్తులు, విటమిన్ బి12

ధాన్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో మెథియోనిన్ తక్కువ. రెండూ రోజు మొత్తంలో ఎప్పుడు తిన్నా ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. అన్నం, పప్పు, రొట్టె, నువ్వుల పొడి, అటుకులు, పుట్నాలు అలాంటి జంటలే. వారం దాటిన నడకకు సోయా ముక్కలు మంచి ఆసరా. మన వైపు మీల్ మేకర్ అనే పేరుతో చలామణీ అయ్యే వీటిలో సగం బరువు మాంసకృత్తులే. చిన్న రవ్వ రకం తీసుకుంటే వేడినీళ్లలో అయిదు నిమిషాల్లో నానుతుంది, ఇంధనం కలిసొస్తుంది.

విటమిన్ బి12 మొక్కల్లో నమ్మదగ్గ మోతాదులో దొరకదు. కాలేయంలో నిల్వలు ఉంటాయి గనుక పది రోజుల నడకలో కొత్తగా లోటు రాదు. కానీ ఏళ్ల తరబడి వీగన్‌గా ఉండి మాత్ర వేసుకోనివారు నీరసంతో, కాళ్ల తిమ్మిరితో కొండ ఎక్కితే దారి మధ్యలో చిక్కుపడతారు. వారు బయల్దేరడానికి నెలల ముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మ, ఉసిరి తోడ్పడతాయి, భోజనంతో పాటు తాగే టీ అడ్డుపడుతుంది. టీ గంట తరువాత తాగడం మంచిది. చెమటతో పోయే ఉప్పుకు లీటరు నీటికి సరిపడే ఓఆర్‌ఎస్ పొట్లాలు రోజుకొకటి చొప్పున పెట్టుకోవాలి.

పాడయ్యేవి

పులిహోర ప్రయాణానికి ప్రసిద్ధం. చింతపండు పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. అయినా వేసవిలో అది మొదటి రోజు తిండి మాత్రమే. వండిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా తయారుచేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు, అందువల్ల వాసన వచ్చిన అన్నాన్ని ఉడికించి తినడం ప్రమాదం. వేడి అన్నాన్ని అలాగే మూసికడితే లోపల చెమటపట్టి ఇంకా త్వరగా పాడవుతుంది, పళ్లెంలో ఆరబెట్టాకే కట్టాలి. పెరుగన్నం ఆయుష్షు అంతకంటే తక్కువ.

పల్లీలకు తేమ శత్రువు. బూజు పట్టిన, చేదెక్కిన, ముడుచుకున్న గింజల్లో అఫ్లటాక్సిన్ ఉండవచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. ఏరి పారేయాల్సిందే. ఆవకాయ పాడవదు, పైగా వీగన్ కూడా, కానీ నూనె కారితే పడక సంచి దాకా పాకుతుంది. మరచుట్టు మూత ఉన్న చిన్న డబ్బాలో ముక్కలే ఎక్కువగా, నూనె తక్కువగా పెట్టుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న నాలుకకు వారం రోజులకు 100 గ్రాములు చాలు.

కట్టడం, మోయడం, తిరిగి తేవడం

రోజువారీగా పొట్లాలు కట్టడమే మేలైన పద్ధతి. ఒక్కో రోజు తిండి మొత్తం ఒక సంచిలో వేసి మీద రోజు సంఖ్య రాస్తే మూడో రోజే అయిదో రోజు పల్లీపట్టి అయిపోదు. బరువైన తిండి వీపుకు ఆనుకుని సంచి మధ్యలో ఉండాలి, ఆనాటి చిరుతిండి పై జేబులో. ఎండుకొబ్బరి చిప్పలకు తనంతట తాను వేడెక్కి అంటుకునే గుణం ఉండటంతో విమాన లగేజీలో వాటికి అనుమతి లేదు. విమానంలో వెళ్లేవారు కొబ్బరిని దిగిన ఊళ్లోనే కొనుక్కోవాలి.

కాలిఫోర్నియాలోని యోసెమిటీ అడవుల్లో రాత్రి బస చేసేవారు తిండిని ఎలుగుబంట్లు విప్పలేని గట్టి డబ్బాలో పెట్టి తీరాలి. ఖాళీ డబ్బాయే కిలో దాకా తూగుతుంది, అందులో చోటు పరిమితం. అక్కడ నడిచే తెలుగు కుటుంబాలకు మరమరాలు, చెక్కలు కన్నా పిండులు, పొడులు కలిసొస్తాయి. ఇంగువ డబ్బా, ఆవకాయ, టూత్‌పేస్టు సహా వాసన వచ్చే ప్రతి వస్తువూ అందులోకే వెళ్లాలి. నల్లమలలో, శేషాచలంలో ఎలుగులతో పాటు కోతుల బెడద ఉంది. గుడారంలో తిండి విప్పి ఉంచకూడదు, కోతికి ఒక్క ముక్క కూడా వేయకూడదు. మనిషి చేతి తిండికి అలవాటు పడిన కోతుల గుంపు తరువాత వచ్చేవారి సంచుల మీద పడుతుంది.

నానబెట్టిన పప్పు నీళ్లు, గిన్నె కడిగిన నీళ్లు వాగులో పోయకండి, ఒడ్డుకు అరవై డెబ్భై మీటర్ల దూరంలో మట్టిలో చల్లండి. నారింజ తొక్కలు, ఖర్జూరం గింజలు అడవిలో కలిసిపోతాయిలే అని వదిలేయకండి, అవి నెలల తరబడి అక్కడే పడి ఉండి జంతువులను దారి మీదికి రప్పిస్తాయి. ఖాళీ కవర్లన్నీ ఒక సంచిలో వేసుకుని, మీరు బయల్దేరిన ఊరి చెత్తకుండీ దాకా మోసుకురండి.